హోటల్లో తిండి బాగోలేకపోతే ఎలా చెప్పాలి? మొదటి ముద్ద నుంచి రాతపూర్వక ఫిర్యాదు దాకా

ఒకసారి ఇంటిల్లిపాదీ హోటల్‌కి వెళ్లాం. మా అమ్మ కూర ఒక్క ముద్ద తిని ప్లేటు పక్కకు జరిపింది. ఏమైందమ్మా అంటే "ఆకలిగా లేదురా" అంది. నేను కాస్త నోట్లో వేసుకుని చూశాను. ఉప్పు కషాయం. అంతలోనే సర్వర్ వచ్చి "అంతా బాగుందా అండీ?" అని అడిగాడు. "బాగుందండీ" అన్నాను. బిల్లు కట్టి బయటికొచ్చాక ఇల్లు చేరేదాకా ఆ హోటల్‌ని తిట్టుకుంటూనే ఉన్నాం. డబ్బు పోతే పోయింది. ఆ సర్వర్ అడిగినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మ కడుపు నిండా తినేది కదా అన్న బాధ మాత్రం చాలా రోజులు వదల్లేదు.

ఫిర్యాదు అనగానే మనకు గొడవ గుర్తొస్తుంది. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూస్తారనీ, సర్వర్ ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందనీ, ఇంత చిన్నదానికి ఎందుకులే అనీ ఊరుకుంటాం. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఒకటే. వంట సరిచేయడానికి ఇంకా వీలున్నప్పుడే, సరిచేయగల మనిషికి, సరిచేయడానికి పనికొచ్చే మాట చెప్పాలి. ఈ మూడూ కుదిరితే గొంతు పెంచాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు.

1. ముందు అది ఏ రకం తప్పో తేల్చుకోండి

రెండో ముద్ద దగ్గర ఆగి ఒక్క క్షణం ఆలోచించండి. నా లెక్కలో తప్పులు నాలుగు రకాలు. ఒళ్లు పాడుచేసేవి మొదటి రకం: ఉడకని మాంసం, పాచి వాసన, తిండిలో గాజుపెంకు, పడదని ముందే చెప్పినా వేసిన పదార్థం. రెండో రకం వంటగది పొరపాట్లు: ఉప్పు ఎక్కువ కావడం, అడుగంటిన వాసన, చల్లారిన ప్లేటు, ఒకటి చెబితే ఇంకొకటి రావడం. మూడోది, ఇస్తామన్నదానికంటే తక్కువ ఇవ్వడం. నాలుగోది మన నాలుకకు నచ్చకపోవడం, అంతే.

గొడవలన్నీ ఈ నాలుగోదాన్ని మిగతా మూడింటితో కలిపేయడం వల్లే వస్తాయి. కారంగా ఉంటుందని మెనూలో రాసి ఉన్న వంటకం కారంగా ఉంటే అది వంటవాళ్ల తప్పు కాదు. కారం తగ్గించమని మీరు చెప్పి, వాళ్లు సరేనని, చివరికి అలాగే తెస్తే తప్పే. నచ్చకపోయిన సంగతి కూడా చెప్పొచ్చు, కాకపోతే అభిప్రాయంగా చెప్పాలి: "తప్పు మీది కాదండీ, మాకు ఈ రుచి అలవాటు లేదు. దీని బదులు ఇంకేమైనా తీసుకోవచ్చా?" అలా అడిగితే చాలా చోట్ల మార్చి ఇస్తారు. ఇవ్వకపోతే దాని డబ్బు మనం కట్టాల్సిందే.

మొదటి రకం దగ్గర మాత్రం మొహమాటం అస్సలు పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన ఆహార భద్రత సూత్రాల ప్రకారం వంట లోపలి భాగం కూడా 70 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి, వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైనే ఉండాలి, వండినది గది వేడిమిలో 2 గంటలకు మించి ఉండకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్యే సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి. మన దగ్గర థర్మామీటర్ ఉండదు కదా, చూడాల్సినవి వేరే ఉన్నాయి. మాంసాన్ని మందంగా ఉన్న చోట విడదీసి చూడండి, లోపల్నుంచి వచ్చే రసం గులాబీ రంగులో ఉంటే తినొద్దు. వేలికి జిగురు తగిలినా, తీగలు సాగినా, పుల్లగా ఉండకూడనిది పుల్లగా ఉన్నా అక్కడితో ఆపేయండి. వాసన బాగానే ఉంది కాబట్టి మంచిదే అనుకోవడానికి మాత్రం లేదు. జబ్బు చేసే సూక్ష్మజీవులు చాలావరకు రుచినీ వాసననీ మార్చవు.

2. రెండు మూడు ముద్దల్లోనే చెప్పండి

ప్లేటు ముప్పావు వంతు ఖాళీ చేసి బాగోలేదంటే ఎవరూ నమ్మరు. నమ్మినా చేయగలిగింది ఏమీ ఉండదు. మొదట్లోనే చెబితే ప్లేటులో మిగిలినదాన్ని వంటగదిలో రుచి చూసుకుంటారు. పొయ్యి వెలుగుతూనే ఉంటుంది కాబట్టి వేరేది చేసి ఇస్తారు.

ఇంకో సంగతి. కూరలు, పులుసులు ప్లేటు ప్లేటుకీ విడిగా వండరు, పెద్ద గిన్నెలోంచి తీసి పెడతారు. మీకు వచ్చింది ఉప్పగా ఉంటే వెనక టేబుల్‌కి వెళ్లబోయేది కూడా ఉప్పగానే ఉంటుంది. అమ్మ సంగతి జరిగిన తర్వాతి ఏడాది వేరే చోట అచ్చంగా ఇలాగే అయింది. ఈసారి చెప్పాను. సర్వర్ ప్లేటు తీసుకుని లోపలికి వెళ్లాడు. కాసేపటికి వంటాయన చేతులు తుడుచుకుంటూ స్వయంగా వచ్చాడు. "మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు ఇద్దరం ఉప్పు వేసేశామండీ. గిన్నె దించేశాం, వేరేది ఇస్తాను" అన్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, ఆ గిన్నె ఇంకో పది టేబుళ్లకు వెళ్లలేదన్న ఊరట కనిపించింది. మన మాట వాళ్లకు ఎంత అవసరమో నాకు ఆ రోజే తెలిసింది.

3. ఎవరికి చెప్పాలి, ఎలా పిలవాలి

మొదట మీకు వడ్డించిన మనిషికే చెప్పండి. వంట చేసింది ఆ మనిషి కాదు, బిల్లు తగ్గించే అధికారం కూడా సాధారణంగా ఉండదు. అయినా వంటగదికి దారి అక్కడి నుంచే. చెయ్యెత్తి, దగ్గరికి వచ్చేదాకా ఆగి, పక్క టేబుల్‌కి వినపడనంత గొంతుతో మాట్లాడండి. సర్వర్ మీకంటే చిన్నవాడైనా "మీరు" అనే అనండి. "ఏయ్" అని పిలిచి, తర్వాత ఎంత న్యాయమైన మాట చెప్పినా అది చెవికెక్కదు.

బిల్లులో కోత, డబ్బు వాపసు, ఒంటికి సంబంధించిన సంగతి అయితే మేనేజర్‌ని పిలిపించండి. "మీ మీద ఫిర్యాదు కాదండీ, బిల్లు సంగతి కాబట్టి మేనేజర్ గారితో మాట్లాడాలి" అని సర్వర్‌కి ముందే చెబితే ఆ మనిషికి టెన్షన్ ఉండదు.

మీరు ఇంకొకరి విందులో ఉంటే పద్ధతి వేరు. రుచి బాగోకపోతే ఊరుకోండి, అది పిలిచినవారి మనసుకు సంబంధించింది. ఉడకలేదనిపించినా, పాడైందనిపించినా పిలిచినవారి చెవిలో మెల్లగా చెప్పండి. సర్వర్‌ని వాళ్లే పిలుస్తారు, వాళ్ల మర్యాద నిలబడుతుంది, మిగతా అతిథులు కూడా తినకుండా ఆగుతారు.

4. ఏమని చెప్పాలి

ఇది అసలైన మెట్టు, చాలామంది తడబడేదీ ఇక్కడే. "అస్సలు బాగోలేదు" అన్న మాటతో వంటగది ఏం చేసుకోగలదు? ఉప్పు తగ్గించాలా, వేడి పెంచాలా, పారేయాలా? ఏం కనిపించింది, ఎక్కడ కనిపించింది, ఇప్పుడు నాకేం కావాలి: ఈ మూడూ ఉంటే చాలు.

"ఇది అంచుల్లో పొగలు కక్కుతోంది, మధ్యలో మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉందండీ. కొత్తగా చేసినది ఇవ్వగలరా?"

"మేం అడిగింది ఇది కాదండీ. మాది ఎంతసేపట్లో వస్తుంది? పదిహేను నిమిషాలు దాటేట్టయితే వద్దు, బిల్లులోంచి తీసేయండి."

"నూనె బాగా కాగిపోయిన వాసన వస్తోంది, మీరే ఒకసారి చూడండి. దీని బదులు వేయించనిది ఏదైనా తీసుకుంటాం."

మొదటి వాక్యంలో అంచులు, మధ్య అని విడదీసి చెప్పాను, చూశారా? పాత ప్లేటుని మైక్రోవేవ్‌లో వేడి చేస్తే వేడి అన్ని చోట్లా సమంగా ఎక్కదు, అంచులు ముందు కాగుతాయి. ఆ ఒక్క మాటతో లోపల ఏం జరిగిందో వంటవాళ్లకు అర్థమైపోతుంది, ఇక వాదన ఉండదు.

కావాల్సిందేమిటో మనం చెప్పకపోతే వాళ్లు క్షమాపణ చెప్పి ఊరుకుంటారు, మనకు ఇంకా మండుతుంది. అందుకే పిలిచే ముందే తేల్చుకోండి: మార్చి ఇవ్వాలా, వేరే వంటకమా, బిల్లులోంచి తీసేయాలా, ఊరికే తెలియజేస్తే చాలా? అడిగేది తప్పుకు తగినట్టు ఉండాలి. ఒక ప్లేటు చల్లగా ఉందని మొత్తం బిల్లు మాఫీ అడిగితే మన మాటకు విలువ పోతుంది.

కొన్ని మాటలు నోటి దాకా వచ్చినా మింగేయండి. "నేనెవరో తెలుసా", "ఇంటర్నెట్‌లో పెట్టేస్తా" లాంటివి. లేనిది కల్పించి చెప్పడం కూడా వద్దు. వెంట్రుక ఒకటి వస్తే ఒకటే అనండి.

5. వాళ్ల జవాబుని బట్టి నడవండి

మంచి చోట "క్షమించండి, వెంటనే మార్చి తెస్తాం" అంటారు. థాంక్స్ చెప్పి ఆగండి. మిగతా జవాబులకు సిద్ధంగా ఉండాలి.

"వేడి చేసి తెస్తాం" అన్నప్పుడు ఆలోచించి ఒప్పుకోండి. అప్పుడే వండినది టేబుల్‌కి వచ్చేలోపు చల్లారితే వేడి చేయడంలో తప్పు లేదు. గంటల తరబడి బయట ఉండి, పాడైనట్టు అనుమానం ఉంటే ఒప్పుకోవద్దు. స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా విడుదల చేసే విషం, అన్నంలాంటి వాటిలో పెరిగే బాసిల్లస్ సెరియస్ విషం మరిగించినా పోవు. క్రిములు చచ్చినా విషం మిగిలే ఉంటుంది. పడని పదార్థం విషయంలోనూ ఇంతే. పైన చల్లిన జీడిపప్పు పలుకుల్ని ఏరేసి అదే ప్లేటు తెస్తే, వాటి పొడీ నూనే అందులోనే ఉంటాయి. శుభ్రమైన గిన్నెలో మళ్లీ మొదట్నుంచి చేయమనండి, లేదా వద్దనేయండి.

"ఇంతవరకు ఎవరూ చెప్పలేదండీ" అంటే వాదించొద్దు. "కావచ్చు, ఇవాళ నా ప్లేటులో ఉన్నది ఇది. మీరే ఒక స్పూన్ రుచి చూడండి" అనండి. "మా దగ్గర ఇలాగే ఉంటుంది" అంటే మెనూ తెరిచి అందులో ఏం రాశారో చూపించండి. మెనూలో మాటకీ ప్లేటుకీ తేడా ఉంటే మీది ఫిర్యాదు. తేడా లేకపోతే అది రుచి సంగతి, వదిలేయండి.

వెనక్కి పంపితే లోపల ఏం కలుపుతారో అని చాలామందికి భయం. మర్యాదగా చెప్పినవారి మీద అలాంటి కక్ష పెట్టుకునే వంటవాళ్లు ఉంటారని నేను అనుకోను. అయినా ఆ భయంతో తినలేరు కదా, అలాంటప్పుడు మార్చి ఇవ్వమని అడగకండి. బిల్లులోంచి తీసేయమని అడగండి.

6. డబ్బుకు తగ్గట్టు లేకపోతే

దీనిలో సగం పని ఆర్డర్ ఇచ్చే ముందే చేసుకోవాలి. ఇది ఎంతమందికి సరిపోతుంది? మెనూలో లేని ఈ రోజు స్పెషల్ ధర ఎంత? పన్నులు కలిపి చెప్పారా, విడిగానా? సర్వీస్ ఛార్జ్ ఉందా? అడగకుండా తెచ్చి పెట్టిన నీళ్ల సీసాకో చిరుతిండికో లెక్క ఉందా? ఈ ప్రశ్నలు అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. ధరలున్న పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, బిల్లు వచ్చేసరికి మెనూ టేబుల్ మీద ఉండదు.

తిన్నాక "ఇంత రేటా!" అనిపించడం సహజమే. కానీ ధర ముందే రాసి ఉంటే, అది చూసి మనం ఆర్డర్ ఇస్తే, ధర ఎక్కువన్నది ఫిర్యాదు కాదు. ఇస్తామన్నది ఇవ్వకపోవడం ఫిర్యాదు. అందుకే మాట ఎప్పుడూ తేడా మీద పెట్టండి: "మెనూలో ఆరు ముక్కలని ఉంది, నాలుగే వచ్చాయి." "ఇద్దరికి సరిపోతుందని మీరే చెప్పారు, ఇది ఒకరికే చాల్లేదు." బరువు రాసి ఉన్న మాంసం విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. అది చాలాసార్లు వండక ముందు బరువు. వండేటప్పుడు నీరూ కొవ్వూ పోయి దాదాపు పావు వంతు తగ్గుతుంది. ఆ తగ్గింపు మోసం కాదు. సగానికి సగం తగ్గితే అడగాల్సిందే.

బిల్లుని వరుసగా ఒక్కొక్క పేరూ వేలు పెట్టి చదవండి. నేను పట్టుకున్న తప్పుల్లో ఎక్కువగా వచ్చినది ఒకటే: వెనక్కి పంపేసిన వంటకం బిల్లులో అలాగే ఉండిపోవడం. ప్లేటు తీసుకెళ్లిన సర్వర్ కౌంటర్‌లో చెప్పడం మర్చిపోతాడు, కౌంటర్‌లో మనిషి తన ముందున్న ఆర్డరే కొడతాడు. ఒకసారి మా బిల్లులో అలా పడినప్పుడు "మోసం" అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకుని, "ఇది వెనక్కి పంపించామండీ, ఒకసారి సర్వర్‌ని కనుక్కోండి" అన్నాను. నిమిషంలో సరిచేసిన బిల్లు వచ్చింది. ఇది కాక ఒకే వంటకం రెండుసార్లు పడటం, పక్క టేబుల్ ఆర్డర్ మన బిల్లులోకి రావడం కూడా జరుగుతుంటాయి. డబ్బు కట్టకముందే చూపిస్తే నిమిషం పని, కట్టాక అయితే రోజుల పని.

వంటగది తప్పుకు సర్వర్ టిప్ కోయకండి. మీ మాటను లోపలికి మోసుకెళ్లి, జవాబు తెచ్చి, మధ్యలో రెండు వైపులా మాట పడింది ఆ మనిషే.

7. తిండిలో ఏదైనా వస్తే, తిన్నాక జబ్బు చేస్తే

రాయి, గాజు, లోహపు ముక్క, పురుగు వంటివి కనిపిస్తే అసహ్యంతో విసిరేయకండి. ప్లేటులో ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి. పక్కన ఒక నాణెం పెట్టి ఇంకోటి తీస్తే సైజు తెలుస్తుంది. మేనేజర్‌కి చూపించాక ఆ వస్తువుని ఓ కవరులో వేసి మీ దగ్గరే ఉంచుకోండి. పన్ను విరిగితే అదే రోజు దంతవైద్యులకు చూపించుకుని చీటీ రాయించుకోండి.

జబ్బు చేసినప్పుడు అందరం చివరిగా తిన్న చోటునే అనుమానిస్తాం. అది అన్నిసార్లూ నిజం కాదు. స్టెఫిలోకాకస్ విషమైతే అరగంట నుంచి 8 గంటల్లో వాంతులు మొదలవుతాయి. నోరోవైరస్‌కి 12 నుంచి 48 గంటలు పడుతుంది. సాల్మొనెల్లా అనే బాక్టీరియా అయితే 6 గంటల్లో బయటపడొచ్చు, 6 రోజులూ పట్టొచ్చు. అందుకే ముందు ఒక కాగితం తీసుకుని గత కొన్ని రోజుల్లో ఏం తిన్నారో, ఎక్కడ, ఎన్ని గంటలకు తిన్నారో రాయండి. మీతో తిన్నవాళ్లలో ఎవరికి జబ్బు చేసింది, వాళ్లు ఏం తిన్నారు, బాగున్నవాళ్లు ఏది తినలేదు, ఇవి కూడా రాయండి. ఆరోగ్య అధికారులు కారణం పట్టుకునేది ఇలాంటి లెక్కతోనే. ప్యాక్ చేయించి తెచ్చుకున్నది మిగిలి ఉంటే గట్టిగా మూసి, తేదీ రాసి, "తినొద్దు" అని అంటించి ఫ్రిజ్‌లో పెట్టండి.

ముందు మనిషి, తర్వాతే ఫిర్యాదు. మలంలో రక్తం, 39 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, మంచినీళ్లు కూడా నిలవని వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం, 3 రోజులు దాటిన విరేచనాలు, వీటిలో ఏది ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పసిపిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు అంతదాకా కూడా ఆగకూడదు. హోటల్ తిండి మీద అనుమానం ఉందని డాక్టర్‌కి చెప్పి, పరీక్ష అవసరమేమో అడగండి. ఆ రిపోర్టే మీకున్న గట్టి ఆధారం. తర్వాత మీ ప్రాంతంలోని ఆహార భద్రత అధికారులకు తెలియజేయండి. మీదొక్కటే అయితే చిన్న సంగతిలా కనిపిస్తుంది. అదే చోటు గురించి ఇంకో ముగ్గురు చెప్పి ఉంటే వాళ్లు తనిఖీకి వెళ్తారు.

8. అక్కడ తేలకపోతే రాసి పంపండి

బిల్లు, ఫొటోలు దగ్గర పెట్టుకుని, కోపం చల్లారాక, రెండు రోజుల్లోపే రాయండి. చిన్నగా ఉండాలి. ఇలా:

"ఫలానా తేదీ రాత్రి 8 గంటలకు మీ హోటల్లో నలుగురం భోజనం చేశాం. బిల్లు నంబర్ ఇది. మాంసం వంటకం లోపల ఉడకలేదు, ఫొటో జతచేశాను. మూడో ముద్దకే సర్వర్‌కి, తర్వాత మేనేజర్‌కి చెప్పాం. మార్చలేదు, బిల్లులోంచి తీయలేదు. ఆ వంటకం డబ్బు వాపసు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. 14 రోజుల్లో జవాబు ఇవ్వగలరు."

వాళ్ల గుణగణాల గురించి ఒక్క మాట కూడా అక్కర్లేదు. ఫిర్యాదుల నిర్వహణ మీద ఐఎస్ఓ 10002 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. 2004లో వచ్చింది, 2018లో సవరించారు. ఫిర్యాదు అందిన వెంటనే అందినట్టు తెలియజేయాలని అందులో ఉంది. కాబట్టి వారం దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే, పాత ఉత్తరాన్నే జతచేసి యజమానికో ప్రధాన కార్యాలయానికో మళ్లీ పంపండి. అక్కడా పలక్కపోతే వినియోగదారుల ఫిర్యాదుల వేదిక ఉండనే ఉంది. ఇక కార్డుతో కట్టినప్పుడు డబ్బు రెండుసార్లు పోతేనో, బిల్లు కంటే ఎక్కువ పోతేనో బ్యాంకుకి అభ్యంతరం పెట్టొచ్చు. దానికి గడువు ఉంటుంది కనుక ఆలస్యం చేయొద్దు.

ఇంత చిన్న సంగతికి ఇంత దూరమా అని ఇంకా వెనకాడేవారికి ఒక మాట. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్ కెన్నెడీ తమ కాంగ్రెస్‌కి పంపిన సందేశంలో వినియోగదారులకు నాలుగు హక్కులున్నాయన్నారు. భద్రత, సమాచారం, ఎంచుకునే స్వేచ్ఛ, నాలుగోది తమ మాట వినిపించే హక్కు. ఏటా మార్చి 15న వినియోగదారుల హక్కుల దినం జరుపుకునేది అందుకే. ప్లేటు వెనక్కి పంపేటప్పుడు మనం వాడుకుంటున్నది ఆ నాలుగోదాన్నే.

9. రివ్యూ అన్నిటికంటే చివర

హోటల్ వాళ్లకు సరిదిద్దుకునే అవకాశం ఇచ్చాకే రివ్యూ రాయండి. ఏ రోజు, ఏ పూట వెళ్లారో, ఏం తిన్నారో, ఏం తేడా వచ్చిందో, చెబితే వాళ్లేం చేశారో రాయండి. బాగున్నవి ఉంటే అవి కూడా రాయాలి. సర్వర్ పేరు రాయకండి. కళ్లారా చూడని వంటగది గురించి ఊహించి రాయకండి. మీరు తిన్నది ఒక్క పూట, దాన్ని పట్టుకుని "ఎప్పుడూ ఇంతే" అనలేరు కదా.

తర్వాత వాళ్లు ఫోన్ చేసి తప్పు ఒప్పుకుని డబ్బు వాపసు ఇస్తే, ఆ సంగతి కూడా అదే రివ్యూ కింద రాయండి. ఇచ్చింది తప్పుడు రివ్యూ అయితే తప్ప తీసేయక్కర్లేదు. జరిగిన పొరపాటు, దాన్ని సరిదిద్దిన తీరు రెండూ ఒకే చోట కనబడితే, తర్వాత వెళ్లేవాళ్లు అక్కడ తినాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.